దుంగల దారి నుంచి కాంక్రీటు వంతెన దాకా

కొడిమ్యాల, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు గుట్టలకు, చెరువులకు, వాటి మధ్య పారే వాగులకు, ఒర్రెలకు నెలవు కావడంతో అక్కడ రోడ్డు ఏ దిక్కుకు సాగినా కొద్ది దూరంలోనే ఏదో ఒక నీటిదారిని దాటక తప్పదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ వాగుల్లో ఇసుకే కనిపిస్తుంది. వానకాలంలో మాత్రం గుట్టల మీద కురిసిన నీరు గంటల్లోనే చెరువులకు చేరి, చెరువులు నిండి మత్తడి దుంకగానే, నిన్నటిదాకా పశువులు నడిచిన ఒర్రె మనిషిని నిలవనీయని ప్రవాహంగా మారుతుంది. అప్పుడు బడికి, దవాఖానాకు, మార్కెట్ యార్డుకు ఉన్న దారి తెగిపోతుంది. కలపతోనో, రాతితోనో, పైపులతోనో ఒకనాడు కట్టిన దాటుమార్గాన్ని తీసి, దాని స్థానంలో ఆధునిక కాంక్రీటు వంతెన కట్టడమంటే ఏమిటో, అందులో ఏయే లెక్కలు ఇమిడి ఉంటాయో పల్లె ప్రజలకు తెలియడం అందుకే అవసరం. వంతెన బలం దాన్ని ఏ పదార్థంతో కట్టారన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, అది నీటికి ఎంత దారి విడిచింది, ఎంత లోతున పాదం మోపింది, కట్టిన తర్వాత దాన్ని ఎవరు చూసుకుంటున్నారు అన్న వాటి మీద అంతకన్నా ఎక్కువగా ఆధారపడుతుంది.

దుంగ బలం, దుంగ బలహీనత

మనిషి వేసుకున్న తొలి వంతెన ఒడ్డు నుంచి ఒడ్డుకు పడిన చెట్టు మానే అయి ఉండాలి. తెలుగునాట నేటికీ కోనసీమ కాలువల మీద తాటి దుంగలు పరిచి దాటే చోట్లు, మన్యం గూడేలలో ఊరంతా కలిసి కర్రలు కట్టి వేసుకునే వంతెనలు కనిపిస్తాయి. అయితే వాహనాలు నడిచే పెద్ద కలప వంతెనలు ఈ నేలలో విస్తారంగా వెలియలేదు. గోదావరి, మానేరు వంటి నదులు వెడల్పైన ఇసుక పడకల మీద పారుతూ, వరదలో కొట్టుకొచ్చే చెట్లతో ఏ కర్ర స్తంభాన్నయినా తోసివేయగలిగినవి కాబట్టి, మన పూర్వులు స్తోమత ఉన్న చోట రాతి కమానులు కట్టుకున్నారు, లేని చోట పడవను, పుట్టిని నమ్ముకున్నారు.

కలప పుష్కలంగా దొరికిన దేశాల్లో కథ వేరు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1861 నుంచి 1936 దాకా 400కు పైగా కలప ట్రస్ వంతెనలు కట్టారు. ట్రస్ అంటే కర్రలను త్రిభుజాలుగా కూర్చి, వాటి కలయికతో బరువును రెండు చివరలకు మళ్లించే చట్రం. బయటి నుంచి ఇనుము తెప్పించుకోవడం ఖర్చుతో కూడిన పని, దగ్గరి అడవుల్లో గట్టి చేవ కలప ఉంది, కనుక ఆ ఎంపిక అప్పటికి సరైనదే. ఇప్పుడు అక్కడ వాటిలో కొన్నిటిని వారసత్వ నిర్మాణాలుగా కాపాడుకుంటూ, మిగతావాటి చోట కాంక్రీటు వంతెనలు కడుతున్నారు. తెలుగువారు తరతరాలుగా వలస వెళ్లిన బర్మాలో, అమరపుర దగ్గర 19వ శతాబ్దం నడుమ టేకు స్తంభాల మీద నిలిపిన, సుమారు 1.2 కిలోమీటర్ల పొడవైన ఉ బెయిన్ వంతెన నేటికీ నడక దారిగా నిలిచి ఉంది; అక్కడ కూడా కాలక్రమంలో కొన్ని టేకు స్తంభాల చోట కాంక్రీటు స్తంభాలు వచ్చి చేరాయి.

కలప చెడేది ముఖ్యంగా తడి, పొడి ఒకదాని వెంట ఒకటి వచ్చే చోట. ఎప్పుడూ నీటిలో మునిగి ఉన్న దుంగకు గాలి అందదు గనుక కుళ్లు పట్టించే బూజు పెరగదు, ఎప్పుడూ పొడిగా ఉన్న దూలానికి తేమ అందదు గనుక అదీ నిలుస్తుంది. కానీ వానకాలంలో తడిసి, ఎండకాలంలో ఎండి, మళ్లీ తడిసే నీటిమట్టం దగ్గరి భాగం, మట్టిలో పాతిన మొదలు, బోల్టు దిగిన రంధ్రం లోపలి నుంచి గుల్లబారతాయి. పైకి గట్టిగా కనిపించే స్తంభం లోపల బోలుగా ఉండటమే కలప వంతెనలోని పెద్ద ప్రమాదం కాబట్టి, దాన్ని పరీక్షించేవారు సుత్తితో తట్టి శబ్దం వింటారు, సన్నని రంధ్రం తొలిచి లోపలి చేవను చూస్తారు. దీనికి చెదలు, మంటల భయం, బండి వెళ్లిన ప్రతిసారీ కొద్దికొద్దిగా వదులయ్యే అతుకులు తోడవుతాయి.

ఎడ్లబండి పోయి లారీ వచ్చినప్పుడు

కలప కుళ్లకపోయినా, దాని మీద నడిచే బరువు మారిపోయింది. ఎడ్లబండి మోసే ఒకటి రెండు టన్నులకు సరిపోయిన దూలం, ధాన్యం లారీకి సరిపోదు. 2018లో కేంద్రం సవరించిన నిబంధన ప్రకారం రెండు ఇరుసుల లారీ బండితో సహా 18.5 టన్నుల దాకా బరువుతో వెళ్లవచ్చు. 1934లో ఏర్పడి, దేశంలో రోడ్లకు, వంతెనలకు ప్రమాణాలు రాస్తున్న ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, వంతెనను రూపొందించేటప్పుడు ఊహించుకోవలసిన వాహనాల వరుసలను తరగతులుగా విభజించింది. శాశ్వత వంతెనలకు వర్తించే ‘ఎ’ తరగతిలో ఎనిమిది ఇరుసుల వాహన శ్రేణి మొత్తం బరువు 55.4 టన్నులు కాగా, తాత్కాలిక వంతెనలకు, కలప వంతెనలకు వర్తించే ‘బి’ తరగతిలో అది 33.2 టన్నులు మాత్రమే. కలప వంతెనను ప్రమాణాలే తాత్కాలికమైన వాటితో కలిపి లెక్కించాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

పాత కలప వంతెన మీది పలకలు తీసి వాటి చోట కాంక్రీటు స్లాబు పోస్తే చాలదా అన్న ప్రశ్న సహజమైనదే. ఘనమీటరు టేకు కలప సుమారు 650 కిలోలు తూగితే, ఘనమీటరు ఇనుప కడ్డీల కాంక్రీటు సుమారు 2,500 కిలోలు తూగుతుంది. కొత్త స్లాబు తన సొంత బరువుతోనే పాత స్తంభాలను కుంగదీస్తుంది కాబట్టి, కలప వంతెన స్థానంలో కాంక్రీటు వంతెన కట్టడమంటే పై భాగాన్ని మార్చడం కాదు, పునాది నుంచి కొత్త నిర్మాణాన్ని తలపెట్టడం.

రాయి, ఉక్కు, కాంక్రీటు

తెలుగునాట వంతెనల చరిత్రలో ఈ మార్పును స్పష్టంగా చూపే నిర్మాణాలు రెండున్నాయి. మొదటిది హైదరాబాదులో మూసీ మీద ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1578లో కట్టిన పురానాపూల్. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన ఘోర వరదలో నగరంలోని ఇతర వంతెనలు దెబ్బతిన్నా, ఈ రాతి కమానుల వంతెన నిలిచింది. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతూ ఉంటుంది, రాయికి నొక్కుడును తట్టుకునే గుణం మెండు; వందల ఏళ్ల మన్నిక రహస్యం అదే. కానీ రాయి లాగుడును తట్టుకోలేదు, కాబట్టి కమాను వెడల్పుకు హద్దు ఉంటుంది, స్తంభాలు దగ్గర దగ్గరగా రావలసి వస్తుంది, అవి నీటి దారిని ఇరుకు చేస్తాయి.

రెండవది రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీది రైలు వంతెనల కథ. 1897 నవంబరులో మొదలై, ఇంజనీరు ఎఫ్.టి. గ్రాన్‌విల్ వాల్టన్ ఆధ్వర్యంలో సాగి, 1900 ఆగస్టులో రాకపోకలకు తెరుచుకున్న హేవలాక్ వంతెనలో రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు ఉన్నాయి. గర్డరు అంటే రెండు స్తంభాల మధ్య బరువు మోసే పెద్ద దూలం. ఆ వంతెనకు 56 స్పాన్లు, అంటే స్తంభానికి స్తంభానికి మధ్య ఖాళీలు, ఒక్కొక్కటి సుమారు 45.7 మీటర్లు. దాదాపు శతాబ్దం సేవ చేసిన ఆ వంతెనకు 1997లో విశ్రాంతి ఇచ్చి, దాని పనిని విల్లు ఆకారపు కాంక్రీటు కమానులతో కట్టిన కొత్త వంతెనకు అప్పగించారు. కొత్తదానిలో స్పాన్లు 28, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. స్పాను పొడవు రెండింతలు దాటడంతో వాటి సంఖ్య సగానికి తగ్గింది, నదిలో నిలిచే స్తంభాలూ దాదాపు సగానికి తగ్గాయి. పాత వంతెన స్థానంలో కొత్తది కట్టడం వల్ల కలిగే అసలు మేలును ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

కాంక్రీటుకు ఈ శక్తి ఇనుముతో చేసుకున్న పొత్తు వల్ల వచ్చింది. ఉత్త కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది గానీ, లాగుడును తట్టుకునే బలం దానిలో పదో వంతు మాత్రమే. దూలం మీద బరువు పడినప్పుడు అది కొద్దిగా వంగి, పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. ఆ సాగే చోట ఉక్కు కడ్డీలు పెడితే లాగుడును అవి మోస్తాయి. ఎండకు ఉక్కు, కాంక్రీటు దాదాపు ఒకే మేర వ్యాకోచించడం వల్ల ఈ రెండింటి పొత్తు చెదరదు. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మోనియే 1875లో షాజెలే దగ్గర కట్టిన చిన్న వంతెనను ఈ పద్ధతిలో తొలి వంతెనగా చెబుతారు. అదే దేశానికి చెందిన యూజీన్ ఫ్రెసినే 1928లో పేటెంటు పొందిన ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు మరో అడుగు ముందుకు వేసింది. అందులో బలమైన ఉక్కు తీగలను ముందే బిగదీసి పట్టి ఉంచుతారు, ఆ బిగువు వల్ల దూలమంతా ముందుగానే నొక్కుకుని ఉంటుంది, బరువు పడినప్పుడు వచ్చే లాగుడు ఆ నొక్కుడును తగ్గించడంతోనే సరిపోతుంది. బండి చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా ఎక్కించి చల్లార్చితే, అది ముడుచుకుని చెక్క ముక్కలన్నిటినీ బిగించి పట్టే తీరును ఎరిగిన పల్లెవాసులకు ఈ సూత్రం కొత్తది కాదు.

లో లెవల్ వంతెన అసలు సమస్య

జగిత్యాల ప్రాంతంలో మార్చవలసిన పాత నిర్మాణాలు చాలావరకు కలపవి కావు. జనం లో లెవల్ వంతెనలు, రోడ్డు డ్యాములు, కాజ్‌వేలు అని పిలిచే తక్కువ ఎత్తు కట్టడాలవి. వాగు పడకకు కొద్దిపాటి ఎత్తులోనే కొన్ని సిమెంటు పైపులు వరుసగా పేర్చి, వాటి మీద కాంక్రీటు పోసి, మామూలు రోజుల్లో నీరు కింద నుంచి, వరద రోజుల్లో పై నుంచి పోయేలా వీటిని కట్టారు. బళ్లు తక్కువగా నడిచిన కాలంలో, తక్కువ ఖర్చుతో ఊరికి దారి చూపిన ఈ పద్ధతిని తప్పుపట్టలేము. కానీ వరదలో కొట్టుకొచ్చిన కంప, చెట్ల కొమ్మలు, గుర్రపు డెక్క పైపులకు అడ్డం పడితే, ఆ రోడ్డే చిన్న ఆనకట్టగా మారి, ఎగువన నీటిమట్టాన్ని పెంచి, పక్క పొలాలను ముంచి, చివరికి పక్క గట్టును కోసుకుని పోతుంది. నీటి దారికి అడ్డు కట్టడం వల్ల ఎగువన పెరిగే ఈ మట్టాన్ని ఇంజనీర్లు అఫ్లక్స్ అంటారు.

పై నుంచి పారే నీరు చూపే ప్రమాదం కంటికి కనిపించే దానికన్నా పెద్దది. ప్రవాహ వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. రెండు అడుగుల నీరు చాలా కార్లను నేల నుంచి లేపగలదు, ఒకసారి లేచిన బండి టైర్లకు పట్టు ఉండదు. 2022 జూలై వరదల్లో జగిత్యాల జిల్లా రాయికల్ మండలం రామోజీపేట దగ్గర వాగు దాటబోయిన కారు కొట్టుకుపోయి, వరద వార్తలు సేకరించి తిరిగి వస్తున్న ఒక టీవీ విలేకరి ప్రాణం కోల్పోయిన విషాదం ఈ జిల్లా ప్రజలు మరువలేనిది. ఇలాంటి మరణాలను విధికి వదిలేయకూడదు. దాటే చోటు ఎత్తు సరిపోకపోవడం వాటికి ఒక కారణం, ఆ కారణాన్ని తొలగించవచ్చు.

అందుకే కొత్త వంతెనకు మొదటి ప్రశ్న ఎంత నీరు వస్తుందన్నది. ఆ వాగుకు నీరందించే గుట్టలు, పొలాలు, చెరువుల విస్తీర్ణం ఎంత, అక్కడ ఎంత తీవ్రమైన వాన పడవచ్చు, గతంలో నీరు ఏ ఇంటి గోడ దాకా, ఏ చెట్టు మొదలు దాకా వచ్చింది అన్న వివరాలతో ఇంజనీర్లు వరద పరిమాణాన్ని లెక్కిస్తారు. నూరేళ్ల వరద అనే మాటకు నూరేళ్లకు ఒకసారే వస్తుందని అర్థం కాదు, ఏ ఏడాదైనా అది వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. ఆ వరద మట్టానికి పైన కూడా కొంత ఖాళీ ఉంచాలి. సెకనుకు 30 నుంచి 300 ఘనమీటర్ల ప్రవాహం ఉన్న వాగు మీద కనీసం 900 మిల్లీమీటర్లు, 300 నుంచి 3,000 ఘనమీటర్లు ఉన్న చోట 1,200 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలని ప్రమాణాలు చెబుతున్నాయి. నీటితో పాటు తేలి వచ్చే చెట్లు వంతెన అడుగుకు తగలకుండా పోవడానికే ఈ ఏర్పాటు.

రెండవ ప్రశ్న పునాదిది. వరదలో నీరు స్తంభాన్ని ఢీకొని కిందికి తిరిగి, సుడి తిరుగుతూ, మొదట్లోని ఇసుకను తోడేస్తుంది. కోత అనే ఈ పరిణామం వరద తగ్గాక మళ్లీ ఇసుక నిండిపోవడం వల్ల బయటికి కనిపించదు. ప్రమాణాలు స్తంభం దగ్గర కోత లోతును, వాగు మొత్తానికి లెక్కించిన సగటు కోతకు రెండింతలుగా తీసుకోమంటాయి, పునాది దానికన్నా లోతున ఉండాలంటాయి. ఇసుక నదుల్లో బావి వంటి గుల్ల నిర్మాణాన్ని మెల్లగా దింపి పునాది వేసే బావి పునాదులు, భూమిలోకి దిగే పైల్స్ అనే కాంక్రీటు స్తంభాలు ఇందుకే అవసరమయ్యాయి. దగ్గర్లోనే గట్టి రాయి తగిలే ఒర్రెల్లో ఆ రాతిని చెక్కి నేరుగా పునాది వేయవచ్చు.

కట్టే వరస, ఆగిపోయిన పని

నిబంధనల ప్రకారం మొత్తం పొడవు 6 మీటర్ల లోపు ఉంటే కల్వర్టు, 6 నుంచి 60 మీటర్ల దాకా చిన్న వంతెన, అంతకు మించితే పెద్ద వంతెన. ఒర్రె మీద అడుగు, గోడలు, కప్పు కలిసి ఒకే పెట్టెలా ఉండే బాక్స్ కల్వర్టు సరిపోతుంది. వాగు మీద స్లాబు వంతెనో, దూలాలూ స్లాబూ కలిసిన వంతెనో కావాలి. మానేరు, గోదావరి వంటి వాటికి ప్రీస్ట్రెస్డ్ గర్డర్లు కావాలి. ఎండకు కాంక్రీటు సాగుతుంది కాబట్టి, 20 మీటర్ల దూలం 30 డిగ్రీల వేడి మార్పుకు 6, 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ కదలిక స్తంభాన్ని చీల్చకుండా గర్డరు కింద బేరింగులు, స్లాబుల మధ్య సందులు ఉంచుతారు. పోసిన కాంక్రీటు తన బలం చూపడానికి దాన్ని రోజుల తరబడి తడిపి ఉంచాలి, 28వ రోజు బలాన్ని పరీక్షించి అంగీకరించాలి. పాత వంతెనను తీసే ముందే పక్కన తాత్కాలిక దారి వేయాలి. ఆ దారి వానకాలంలో కొట్టుకుపోతే బడి పిల్లలకు, గర్భిణులకు కలిగే ఇబ్బంది పాత వంతెన పెట్టినదానికన్నా ఎక్కువవుతుంది కాబట్టి, పని ఎండకాలంలో మొదలై పునాది దశను వానలకు ముందే దాటాలి.

మధ్యలో ఆగిన పని ఎంత ప్రమాదమో మానేరే చూపింది. పెద్దపల్లి జిల్లా ఓడేడు, జయశంకర్ భూపాలపల్లి జిల్లా గర్మిళ్లపల్లి మధ్య 2016లో మొదలై, ఏళ్ల తరబడి పూర్తికాని వంతెన మీది గర్డర్లు 2024 ఏప్రిల్ 22 రాత్రి ఈదురుగాలికి కూలిపోయాయి. గర్డర్లను అడ్డదూలాలతో, పై స్లాబుతో కలిపి ఒకే అంగంగా చేసేదాకా ప్రతి గర్డరూ ఒంటిగా నిలబెట్టిన సన్నని గోడ వంటిదే. కిందికి పడే బరువును అది మోయగలదు గానీ పక్క నుంచి వచ్చే తోపుకు అది తయారై ఉండదు.

కాంక్రీటుకూ వయసు వస్తుంది

కాంక్రీటు శాశ్వతమన్న నమ్మకం ప్రమాదకరమైనది. తాజా కాంక్రీటులోని క్షార గుణం లోపలి ఉక్కు తుప్పు పట్టకుండా కాపాడుతుంది; గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది, పగుళ్ల గుండా నీరు చేరుతుంది, తుప్పు పట్టిన ఉక్కు ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా రాల్చుతుంది. కడ్డీకి పైన తగినంత మందం కాంక్రీటు ఉంచకపోవడం, నీరు పోవలసిన గొట్టాలు పూడిపోవడం, సందుల్లో మట్టి నిండటం ఈ తుప్పు వేగాన్ని పెంచుతాయి. నేటి ప్రమాణాలు నూరేళ్ల ఆయుష్షును లక్ష్యంగా పెట్టుకున్నా, గుజరాత్‌లో మహీ నది మీద 1985లో తెరిచిన గంభీరా వంతెన 2025 జూలై 9న 40 ఏళ్లకే కూలి కనీసం 20 మంది ప్రాణాలు తీసింది. రాతి వంతెనలకూ మినహాయింపు లేదు; మహారాష్ట్రలోని మహాడ్ దగ్గర సావిత్రి నది మీద బ్రిటిష్ కాలపు వంతెన 2016 ఆగస్టు 2 రాత్రి వరదలో కొట్టుకుపోయి, దానితో పాటు బస్సులూ గల్లంతయ్యాయి.

ఈ అనుభవాలన్నీ ఒకే మాట చెబుతున్నాయి: వంతెన కట్టడానికి పెట్టే శ్రద్ధ, కట్టిన తర్వాత చూసుకోవడంలో కొనసాగాలి. వానకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్రతి కల్వర్టునూ, వంతెననూ చూడటం, పైపుల్లోని కంప తీయడం, స్తంభాల మొదట్లో కోతను కొలవడం, పెచ్చులు రాలిన చోట మరమ్మతు చేయడం పెద్ద ఖర్చు లేని పనులు. కొడిమ్యాల మండలంలోని నాచుపల్లిలోనే జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు, గ్రామ పంచాయతీలు, రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ కలిసి మండలంలోని ప్రతి దాటుచోటునూ ఫోటోలతో, వరద గుర్తులతో ఒక పుస్తకంలో నమోదు చేస్తే, ఏ వంతెనను ముందుగా మార్చాలో చెప్పే ఆధారం ఊరి చేతిలోనే ఉంటుంది.

కొత్త వంతెన కోసం అర్జీ పెట్టే ఊరు వంతెన కావాలని అడగడంతో ఆగకూడదు. వరద మట్టం ఎంతగా లెక్కించారు, పునాది ఎంత లోతు, నీటికి ఎంత వెడల్పు విడిచారు, పని ఏ నెలకు పూర్తవుతుంది, తర్వాత ఎవరు తనిఖీ చేస్తారు అని అడగాలి. ఆ జవాబులు చేతికి వచ్చేదాకా, లో లెవల్ వంతెన మీద నీరు పారుతున్నప్పుడు ఎవరూ దాటకూడదు. వాగు ఒక పూటలో తగ్గుతుంది, పోయిన ప్రాణం తిరిగి రాదు.